రేగుమాను తండా లీకేజీ

రేగుమాను తండాలో నలభై రెండు ఇళ్లు, నలభై రెండు నల్లాలు. ఆ విషయంలో ఎవరూ వంక పెట్టడానికి లేదు. బిచ్యా తన నల్లాకు మేకను కట్టేస్తాడు. కమ్లి చీపురు ఆనించి పెడుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలైతే నల్లాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొక్కింది. మొక్కినా అది కారలేదు, మొక్కకపోయినా కారలేదు. ఆ మాటకొస్తే దేవుళ్లందరూ అంతే.

పెద్ద పైపు గుట్ట అవతలి ఊరి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి తండాకు మూడు వందల గజాలు అడవి. అడవి అంటే నాలుగు తునికి పొదలు, ఒక ముసలి ఇప్పచెట్టు. కాగితంలో మాత్రం అది మహారణ్యం. ‘నీళ్లోళ్లు మమ్మల్ని అడగాలి’ అంటారు ఫారెస్టోళ్లు. ‘అడిగినం, వాళ్లు చెప్పాలి’ అంటారు నీళ్లోళ్లు. ఆరేళ్లుగా ఆ ఫైలు ఈ ఆఫీసుకూ ఆ ఆఫీసుకూ తిరుగుతూనే ఉంది. పులి అయితే ఈపాటికి అలిసిపోయి కూర్చునేది. అడవి పని అడవిది, తండా పని తండాది అని కాంట్రాక్టరు మాత్రం తండాలో ట్యాంకు కట్టి, నల్లాలు బిగించి, ట్యాంకుకు నీలం రంగు వేసి, తన దారిన తాను పోయాడు.

అందుకని పంచాయతీ నుంచి రోజు మార్చి రోజు టాంకరు వచ్చేది. ఇల్లెందు నుంచి వచ్చిన ముదస్సిర్ దాని డ్రైవరు. తండా బతుకు ఆ టాంకరు మీదే.

చందూలాల్ బతుకు మరీను. అతనికి యాభై దాటాయి. ఆరో తరగతిలో బడి మానేశాడు. సారే రాని బడికి తానొక్కడే వెళ్లడం మర్యాద కాదనిపించింది. పట్టాలేని రెండెకరాల్లో పత్తి పెడతాడు, ప్రభుత్వాన్ని తిడతాడు, ఈ రెండింట్లో రెండోదే బాగా పండుతుంది. పోయిన ఏడు అతని భార్య బాలికి నడుములో పోటు లేచి, మంచం మీద చేపలా కొట్టుకుంటే, ఆటోలో వేసుకుని కొత్తగూడెం తీసుకుపోయాడు. దవాఖానాలో డాక్టరు బొమ్మ తీసి చూసి, కిడ్నీలో రాయి ఉందన్నాడు.

“రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలమ్మా. తాగితే రాయి దానంతటదే పోతుంది. తాగకుంటే కోయాల్సి వస్తుంది.”

“మందేమన్న రాయండి సార్,” అన్నాడు చందూలాల్. “మందైతే ఎక్కడన్న దొరుకుతది.”

ఆ రోజు నుంచి టాంకరు రాగానే ముందు రెండు బిందెలు బాలి కోసం పక్కన పెట్టడం, ఆ తర్వాతే మిగతా పని. బాలి తాగేది. పోటు తగ్గుతూ వచ్చింది. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా పంచాయతీ సెక్రటరీ వీరబాబు ఫోన్ చేసి, జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నాడని చెప్పాడు. ఇంటింటికీ నల్లా నీళ్లు అందిన ఊరు అని చూసి, రాసి, ప్రకటించడానికి.

చందూలాల్ సంబరపడ్డాడు. “రానీ! నల్లా తిప్పనీ! గాలి కొట్టంగనే ఆయనకే తెలుస్తది.”

తండా నాయక్ హాతీరాం ఆ మాట విని తలపాగా సర్దుకున్నాడు. అతను బాలికి అన్న. డెబ్బై ఏళ్ల మనిషి, కోర్టుకన్నా ఎక్కువ చట్టం తెలిసినవాడు, అయితే ఆ చట్టం ఏ పుస్తకంలోనూ ఉండదు.

“ఏం మాట్లాడుతున్నవ్ చందూ? వాకిట్లకొచ్చిన మనిషికి కాళ్లుమొఖం కడుక్కోను నీళ్లియ్యకుంటమా?”

“బావా, ఆయన చుట్టం కాదు. నీళ్లు వస్తున్నయా లేదా చూడను వస్తుండు. రావట్లేదని చూసుకొని పోనీ.”

“చూసుకొనే పోతడు. పోయినంక? రేగుమాను తండాకు పోతే మూతి తడుపుకోను చుక్క నీళ్లియ్యలే అని మండలమంతా చెప్తడు. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట దేశమంతా తిరిగినప్పుడు గూడ, గుడారం ముందుకొచ్చినోన్ని ఎండు నోటితోని పంపలే.”

“తాతలు ఉప్పు మోసిండ్రు, మనం నీళ్లు మోస్తున్నం. ఏం పెరిగినం బావా?”

ఎవరూ నవ్వలేదు. తండా అంతా హాతీరాం వైపే. ఆఖరికి బాలి కూడా అటే మొగ్గింది. “అన్న చెప్పింది నిజమే. పెద్దమనిషి మన నల్లా తిప్పితే బుస్సుమని గాలి కొడితే, నేను మొఖం ఏడ పెట్టుకోవాలె?”

పెద్దసారు వచ్చే రోజు పొద్దున ముదస్సిర్ టాంకరు తెచ్చాడు. బిందెలు పట్టుకుని ఎవరూ రాకపోయేసరికి ఆశ్చర్యపోయాడు. చూస్తే చందూలాల్ పైపు కొన భుజాన వేసుకుని ట్యాంకు నిచ్చెన ఎక్కుతున్నాడు. నిచ్చెనంటే భయం లేనివాడు తండాలో అతనొక్కడే మరి.

“ఏంది చందూ భాయ్, పైకి పోస్తున్నరు? నీళ్లు కిందికి గదా పోసేది!”

“మర్యాద భాయ్. పైనుంచి దిగాలంట.”

బాలి రెండు బిందెలతో సహా టాంకరంతా ట్యాంకులోకి పోయింది.

పదకొండు గంటలకు మూడు కార్లొచ్చాయి. పెద్దసారు దిగాడు. వెనక నీళ్లోళ్ల ఏఈ శ్రీనివాస్ ఫైలు చంకన పెట్టుకుని దిగాడు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న మొదటి ఇల్లు చందూలాల్‌ది. పెద్దసారు నల్లా తిప్పాడు. ముందు తుప్పు వచ్చింది, తర్వాత ఒక చచ్చిన బల్లిపిల్ల వచ్చింది, ఆ తర్వాత తెల్లగా, ధారగా నీళ్లొచ్చాయి. పెద్దసారు మొహం కడుక్కున్నాడు. పుక్కిలించి ఉమ్మాడు. “రుచి బాగుందయ్యా,” అన్నాడు. హాతీరాం ఛాతీ పొంగింది. కెమెరా ఉన్నవాడు బాలిని పిలిచి, నల్లా కింద బిందె పెట్టించి, నవ్వమన్నాడు. వంగేసరికి ఆమెకు రాయి ఉన్న వైపు పోటు లేచి పళ్లు బిగించింది. ఫొటోలో అది నవ్వులాగే వచ్చింది.

ఆరిళ్లు చూశారు. వాళ్లు పోయిన చోటల్లా పిల్లలూ పెద్దలూ తలలు కూడా తడుపుకున్నారు, ఎలాగూ వస్తున్నాయి కదా అని. ఏడో ఇంటి దగ్గర నల్లా రెండుసార్లు దగ్గింది. శ్రీనివాస్ గడియారం చూసుకుని, “సార్, లంచ్,” అన్నాడు. పెద్దసారుకు ఆకలి గుర్తొచ్చింది. రేగుమాను తండా నూటికి నూరు శాతం నల్లా నీళ్ల ఊరు అని అక్కడికక్కడే చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. చందూలాల్ కూడా కొట్టాడు. తర్వాత ఆ చేతుల్ని చూసుకుని తిట్టుకున్నాడు.

మూడో రోజు రావాల్సిన టాంకరు రాలేదు. ఐదో రోజూ రాలేదు. చందూలాల్ ఫోన్ చేశాడు.

“మీ తండా పేరు లిస్టుల లేదు భాయ్,” అన్నాడు ముదస్సిర్. “నల్లా ఉన్న ఊరికి టాంకరు బంద్ అంట. నేనేం జేయాలె? నా చేతుల స్టీరింగే ఉంది.”

ఇక వాగు. ఎండలకు వాగులో ఇసుకే మిగిలింది. అందులో చెలిమ తోడి, ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తి, బిందె నింపి మైలున్నర మోయాలి. ఒక బిందెకు గంట. చందూలాల్ చేనుకు పోతే బాలి వాగుకు పోయేది. ఎంత తాగావంటే నాలుగు లీటర్లూ తాగాననేది. పదో రోజు చందూలాల్ మధ్యాహ్నమే ఇంటికొచ్చి చూస్తే, ఆమె చెంబులోంచి రెండు గుక్కలు తాగి, మిగిలింది మళ్లీ బిందెలో పోస్తోంది. ఒంటేలుకు పోతే రక్తం పడుతోందని అప్పుడు చెప్పింది.

చందూలాల్ చొక్కా వేసుకుని మండలాఫీసుకు పోయాడు.

ఫిర్యాదులు రాసుకునే కంప్యూటరు దగ్గర భార్గవి అనే అమ్మాయి ఉంది. మంచి పిల్లే, ఆ కుర్చీలో కూర్చోబట్టి గానీ.

“నల్లాల నీళ్లు వస్తలేవు మేడం.”

ఆమె ఊరి పేరు కొట్టింది. “మీది వందశాతం ఊరు కదా అన్నా. వందశాతం ఊరికి నీళ్లు రావట్లేదన్న కంప్లైంట్ తీసుకోదు.”

“ఎవరు తీసుకోరు? పిలువు, మాట్లాడుత.”

“ఎవరో కాదు, సిస్టం తీసుకోదు. ఆ ఆప్షనే రాదు. ఇగో చూడు, ఫొటో కూడా ఉంది.”

తెరమీద బాలి. బిందె నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

“నా పెండ్లామే,” అన్నాడు చందూలాల్. “ముప్పయ్యేండ్ల సంసారంల ఎన్నడు నాకు ఎదురు చెప్పలే. చెప్పిన ఒక్కనాడు ఫొటో తీసిండ్రు.”

భార్గవి నవ్వాపుకుంది. “నేనేం చేయనన్నా?”

“వందశాతం ఊరికి మరి ఏ కంప్లైంట్లు వస్తయమ్మా?”

ఆమె చదివింది. నల్లా విరిగింది. నీళ్లు వాసన వస్తున్నాయి. లీకేజీ, నీళ్లు వృథాగా పోతున్నాయి. “లీకేజీకైతే నలభై ఎనిమిది గంటల్లో వస్తారు. అది అర్జెంటు.”

చందూలాల్‌కు అర్థమైంది. తాగడానికి లేకపోతే ఎవడూ రాడు. ఒలికిపోతుంటే పరిగెత్తుకొస్తారు.

“అయితే లీకేజీ రాయి.”

“అన్నా...”

“రాయమ్మా. ఊరంతా మునుగుతుంది.”

నలభై ఎనిమిది గంటలక్కర్లేకుండానే మర్నాడు మధ్యాహ్నం శ్రీనివాస్ వచ్చాడు. వెంట ఒక ఫిట్టరు, భుజాన పెద్ద రెంచి. మే నెల ఎండ.

“లీకేజీ ఎక్కడ?”

“రండి సార్, చూపిస్త.”

చందూలాల్ ముందు నడిచాడు. మొదటి నల్లా తిప్పాడు. లేదు. రెండోది తిప్పాడు. లేదు. బిచ్యా మేకను పక్కకు జరిపి మూడోది తిప్పాడు. ఇల్లిల్లూ తిప్పుతూ, “ఇక్కడ కాదు సార్, ముందటుంది,” అంటూ నలభై రెండూ తిప్పించాడు. ఆఖరింటికి చేరేసరికి తండాలో తడిగా ఉన్నది శ్రీనివాస్ చొక్కా ఒక్కటే.

“తమాషానా?” శ్రీనివాస్ అరిచాడు. “నీళ్లే లేని నల్లాకు లీకేజీ అని రాయిస్తవా? తప్పుడు ఫిర్యాదు మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?”

“పెట్టండి సార్. కోర్టుల ఏమని చెప్తరు? ఈ ఊరి నల్లాలల్ల చుక్క నీళ్లు లెవ్వు, లీకేజీ ఎట్లుంటది అనే గదా? మేం జెప్తే ఎవ్వరు నమ్ముతలేరు. మీరు జెప్తే జడ్జి నమ్ముతడు.”

ఫిట్టరు అటు తిరిగి దగ్గాడు. శ్రీనివాస్ పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడే బాలి వాగు నుంచి వచ్చింది. బిందె దించి, నడుము పట్టుకుని, గోడకు జారగిలబడి నేల మీదే కూర్చుంది. హాతీరాం చెంబు ముంచి శ్రీనివాస్‌కు అందించాడు. చందూలాల్ కొరకొర చూశాడు గానీ ముసలాయన పట్టించుకోలేదు. మునిగేవాడికి కూడా నీళ్లిచ్చే రకం.

శ్రీనివాస్ గటగటా తాగి, అడుగున మిగిలిన ఇసుక చూశాడు. “ఎక్కడివి?”

“వాగుల చెలిమయి సార్,” అన్నాడు చందూలాల్. “ఆమెకు కిడ్నీల రాయి. రోజుకు నాలుగు లీటర్లు తాగుమన్నడు డాక్టరు. మీ సర్టిఫికెట్ అయినకాడికెల్లి రక్తం పోస్తుంది. మీరిప్పుడు తాగింది ఆమె పొద్దుటి వాటా.”

శ్రీనివాస్ చెంబు కింద పెట్టాడు. బాలిని చూశాడు, ట్యాంకును చూశాడు. జాలి కలిగిందేమో, కలిగే ఉంటుంది. కానీ అతని మొహంలో కనబడింది భయం. సర్టిఫికెట్ మీద పెద్దసారు సంతకం పైనుంది, అతని సంతకం కిందుంది. పడేటప్పుడు కిందున్నదే ముందు పడుతుంది.

“నీళ్లు లేవని రాస్తే నా ఉద్యోగం పోతది,” అన్నాడు నెమ్మదిగా. “లీకేజీ లేదని రాస్తే, ఏం చూసి చెప్తున్నవ్, నీళ్లు వదిలి చూసిన ఫొటో ఏదీ అంటరు.”

“ఉందని రాయండి సార్.”

“ఆఁ?”

“ఉందని రాయండి. పెద్దది. రిపేరు అయ్యేదాకా నల్లాలు బంద్ జేసినం అని రాయండి. బంద్ జేస్తే ఊరికి ఏమిస్తరు?”

ఫిట్టరు ముందు అందుకున్నాడు. “రిపేరున్నన్ని రోజులు టాంకరు సార్. రూలే.”

శ్రీనివాస్ ఫోన్ తీసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, భారీ లీకేజీ, సరఫరా నిలిపివేత, తాత్కాలికంగా టాంకరు అని కొట్టాడు. “పదిహేను రోజులే గడువు,” అన్నాడు.

“పదిహేను రోజులైనంక మళ్ల కారుతది సార్.”

హాతీరాం అడిగాడు, “మరి పైపు? అడవిల మూడొందల గజాల పైపు?”

శ్రీనివాస్ జీపెక్కుతూ ఆగాడు. “పైపు వచ్చిందనే ఉంది కదా నాయక్. వచ్చిన పైపును మళ్లీ ఎట్ల తెమ్మంటవ్?”

అదొక్కటి నిజం చెప్పి వెళ్లిపోయాడు. చందూలాల్ ఆ జీపు వెనక దుమ్ములో నిలబడి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తిట్టాడు. పైపు ఇక తన కాలంలో రాదని అతనికి తెలుసు. లీకేజీ అని రాయించి, పైపు ఉందని కాగితం మీద సాక్ష్యం చెప్పింది తానే. మర్నాడు ముదస్సిర్ హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. చందూలాల్ ముందు రెండు బిందెలు పట్టి ఇంట్లో పెట్టి, ఎదురుగా కూర్చుని, బాలి చేత ఒక చెంబు పూర్తిగా తాగించాడు.

ఇప్పటికి ఏడు పక్షాలైంది. గడువు ముగిసే ప్రతిసారీ పొద్దున్నే చందూలాల్ ఆఫీసుకు ఫోన్ చేస్తాడు.

“రేగుమాను తండానే కదా అన్నా,” అంది ఈసారి భార్గవి. “చెప్పు. ఇంకా కారుతుందా?”

“కారుతనే ఉంది మేడం. తగ్గలే.”

“పోయినసారి మోకాలి లోతు అని రాసిన. ఈసారీ అదే రాస్తే సిస్టం పట్టుకుంటది. ఎంత రాయాలె?”

చందూలాల్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి గుమ్మం వైపు చూశాడు. బాలి మూడో చెంబు ఎత్తి తాగుతోంది. ఎంతని సైగ చేశాడు. ఆమె చెంబు దించకుండానే, రెండో చేత్తో తన నడుము దగ్గర కొలత పెట్టి చూపింది.

“నడుం దాకా రాయండి మేడం,” అన్నాడు.