తేడా పెట్టె

ప్రొద్దుటూరు పాలిటెక్నిక్ ల్యాబులో కరెంటు అలలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు దగ్గరికి ఎవరు వెళ్ళినా ఇన్‌స్ట్రక్టరు మల్లికార్జునయ్య కుర్చీలోంచి లేచి వచ్చేవాడు. స్కోపు కంటే అందులోకి సొరుగులా దూరే ప్లగిన్ మీద ఆయనకు ప్రాణం. దాని పేరు డిఫరెన్షియల్ కంపారేటర్. రెండు తీగలు తగిలిస్తే రెంటిలో ఉమ్మడిగా ఉన్న గోలంతా వదిలేసి, వాటి మధ్య తేడాను మాత్రం తెర మీద పచ్చటి గీతగా చూపేది. అటెండరు చిన్నసుబ్బయ్య దాన్ని తేడా పెట్టె అనేవాడు. మైలవరం దగ్గర గొర్రెల కాపరుల ఇంటివాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున మెత్తటి గుడ్డతో దాని ముఖం తుడిచేవాడు.

ఆ ఎన్నికల ఏడాది, ప్రాక్టికల్స్‌కు రెండు వారాల ముందు గీత మాయమైంది. ఇలాంటివి ఇప్పుడు తయారు చేయడం లేదు, తుక్కులో వేయమన్నారు పైవాళ్ళు.

"తుక్కులో ఎట్లేస్తారు సామీ? ఇన్నేండ్లు మన కాడ పన్జేసిందే!" అన్నాడు సుబ్బయ్య.

పులివెందులలో రేడియోలు బాగుచేసే నూరుల్లా ఒకప్పుడు ఎయిర్‌ఫోర్సులో రాడార్ మెకానిక్ అని మల్లికార్జునయ్య విన్నాడు. మర్నాడే పెట్టెను కంబళిలో చుట్టి ఆయనా సుబ్బయ్యా పులివెందుల బస్సెక్కారు.

ముద్దనూరు దాటాక పోలీసులు బస్సు ఆపారు. రెండు రోజుల కిందటే ఆ దారిలో ఒక జీపు మీద బాంబులు పడ్డాయి. కానిస్టేబుల్ కంబళి తడిమి, "ఏందిది?" అన్నాడు.

"తేడా పెట్టె సార్," అన్నాడు సుబ్బయ్య ఉన్నదున్నట్టు.

ఆ మాటతో బస్సు ఖాళీ అయిపోయింది. ఎస్సై తుపాకులు గురిపెట్టించి, ఇద్దరినీ పెట్టెతో సహా కోత అయిన శనగ చేలోకి నడిపించాడు. కానిస్టేబుల్ బక్కెట్టు నిండా నీళ్ళు తెచ్చాడు. నాటు బాంబు దొరికితే ముందు నీళ్ళలో వేయడం అక్కడ అందరికీ తెలిసిన పద్ధతే.

"నీళ్ళలో వేస్తే చచ్చిపోతుంది సార్!" అంటూ మల్లికార్జునయ్య పెట్టెను ఒళ్ళో పెట్టుకొని మట్టిలో కూలబడ్డాడు. పోలీసుకు ఎదురు చెప్పడం జీవితంలో ఆయనకు అదే మొదలు. "మీరంతా దూరంగా పోండి. నేనే విప్పి చూపిస్తాను."

అందరూ వెనక్కి జరిగారు. సుబ్బయ్య జరగలేదు.

"నువ్వు కూడా పో సుబ్బయ్యా."

"యాడికి పోయేది సామీ? మరలు పట్టుకునేదానికి మనిషి గావల్ల గదా," అని దోసిలి పట్టి పక్కన కూర్చున్నాడు.

నాలుగు మరలూడి పక్క రేకు వచ్చేసింది. గాజు వాల్వులు ఎండకు మెరిశాయి. ఎస్సై మెడ సాచి చూసి, "వాల్వు రేడియో మాదిరి ఉండాదే!" అంటూ దగ్గరికొచ్చాడు. మల్లికార్జునయ్య అక్కడే ఆయనకు పాఠం మొదలుపెట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాక గానీ ఆపలేదు. పెట్టెను ఎస్సైయే మోసుకొచ్చి బస్సులో పెట్టాడు.

నూరుల్లా తన కొట్లో లోపలి స్విచ్చి విప్పి నవ్వాడు. వెనకాల రెండు బల్లి గుడ్లు. ఒకటి చితికి తీగలకు అంటుకుపోయింది.

"మొగం తుడిస్తి గానీ కడుపు చూడకపోతి," అని సుబ్బయ్య తల వంచుకున్నాడు.

నూరుల్లా స్పిరిటుతో శుభ్రం చేసి, తన దగ్గర దాచుకున్న వాల్వు ఒకటి మార్చాడు. "స్కోపులో పెడితే గానీ నడుస్తాందో లేదో చెప్పలేను సార్," అన్నాడు.

"మాతో రాండి మరి," అన్నాడు మల్లికార్జునయ్య.

నూరుల్లా స్పిరిటు సీసాకు మూత బిగించాడు. అతని అన్న ఒక నాయకుడికి జీపు నడిపేవాడు. ముద్దనూరు దారిలోనే ఆ అన్నను చంపేశారు. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా నూరుల్లా పులివెందుల దాటలేదు.

"ఆ దావన నేను పోను సార్."

"కిటికీ పక్కన నేను కూసుంటా భాయ్," అన్నాడు సుబ్బయ్య. "ఈ పక్క సామి కూసుంటాడు. నడాన నువ్వూ పెట్టే."

నూరుల్లా పెట్టె వైపు చూశాడు. తర్వాత లేచి కొట్టు తలుపులు మూశాడు.

ల్యాబులో వాల్వులు వేడెక్కాయి. పచ్చటి గీత వణికి, నిలబడింది. మల్లికార్జునయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నూరుల్లా తెర ముందు నుంచి కదల్లేదు. రాడార్ గదులు వదిలాక అలాంటి గీత చూడటం అతనికి అదే మొదటిసారి.

"సార్, వచ్చే వారం గూడా వస్తే ఏమన్నా అనుకుంటారా? పనేం లేదు. ఊరకనే చూసిపోదామని."

"ఎప్పుడైనా రాండి."

మరుసటి వారం గురువారం నాడు నూరుల్లా ఒక్కడే ఆ దారిన బస్సులో వచ్చాడు. విద్యార్థులు ప్రాక్టికల్స్ చేస్తుంటే మధ్యాహ్నం దాకా స్టూలు మీద కూర్చొని చూస్తూనే ఉన్నాడు.