నేను చెయ్యి ఎత్తిన ఆదివారం

మా తోటికోడలు ఆరాధనకి పాము దొరికింది. కథ అక్కడి నుంచి మొదలుపెడతాను. అడిగిన వాళ్ళందరికీ ఇన్నాళ్ళూ లారీ దగ్గర నుంచి చెప్పుకుంటూ వచ్చి, అసలు సంగతి కడుపులోనే దాచుకున్నాను.

ఆరాధన మా మరిది జాషువా భార్య. ఏన్కూరులో ఆమెది మీ-సేవ, రోడ్డుకి ఇవతలి పక్క నాది టైలరింగ్ షాపు. ఒకరోజు పొద్దున ఆమె షటర్ తీసేసరికి ప్రింటర్ కింద కట్లపాము ఉందట. అది కాటెయ్యలేదు, బుస కూడా కొట్టలేదు. జాషువా కర్ర తెచ్చేలోపు దానంతటది గోడ కంతలోంచి వెళ్ళిపోయింది. ఈమాత్రం దానికి ఆమె ఆదివారం చర్చిలో ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పింది.

మా దగ్గర గండం తప్పినవాళ్ళు ఆదివారం మైకు పట్టుకుని అందరి ముందూ దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటారు. ఇప్పుడు అది చర్చి యూట్యూబులో కూడా వస్తోంది. ఆరాధన గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మా అత్తమ్మ మరియ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సత్తుపల్లి నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి "చిన్నొదినె ఎంత మంచిగ చెప్పిందో" అని నాతోనే అంది. అంతకు ముందు ఏడాది నేను డెంగీ జ్వరం నుంచి లేచి సాక్ష్యం చెప్పినప్పుడు అత్తమ్మ ముందు వరసలో కూర్చుని కునికిపాట్లు పడింది. అది నేను మర్చిపోలేదు.

నేను ఆ ఇంటికి పెద్దకోడలిని, అప్పటికి పద్నాలుగేళ్ళయింది వచ్చి. ఆమె వచ్చి ఆరేళ్ళు. అయినా ఏ కాగితం వచ్చినా ఆరాధనకి చూపించాలి, ఏ కూర వండినా ఆరాధనకి నచ్చాలి. ఆమె నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది.

పాము వచ్చిన మూడో వారం మాకు లారీ తగిలింది.

దుమ్ముగూడెంలో చుట్టాల ఇంట్లో ప్రధానం ఉంటే నేనూ మా ఆయన డేవిడూ కారులో బయలుదేరాం. పర్ణశాలకి తిరిగే దారి ఇంకా రాకముందే, జామాయిల్ కర్రలు ఎత్తుకున్న లారీ ఒకటి మమ్మల్ని దాటబోయి వెనక కుడివైపు గుద్దింది. కారు గిర్రున తిరిగి పక్క కాలువలోకి దిగింది. ముందుకు పడకుండా నేను కుడిచెయ్యి అడ్డం పెట్టాను. భుజంలో ఏదో పుటుక్కుమని తెగినట్టయింది.

డేవిడ్‌కి ఏమీ కాలేదు. ఫోన్ తీశాడు. భార్య పక్కన కూర్చుని మూలుగుతుంటే ఆయన మొదట ఫోన్ చేసింది ఆరాధనకి.

ఆమె పెళ్ళికి ముందు ఖమ్మంలో ఒక వకీలు దగ్గర నాలుగేళ్ళు టైపింగ్ చేసింది. ఆయనవన్నీ యాక్సిడెంట్ కేసులే. స్పీకర్‌లో ఆమె గొంతు ఏ తొందరా లేకుండా వచ్చింది.

"బావా, ముందు అక్కకి ఎట్లున్నదో చూడండి. 112కి ఫోన్ కొట్టండి. పోలీసులు వచ్చేదాక కారు కదపకండి. లారీ నంబరు కనవడేటట్టు, రెండు బండ్లు ఒక్కకాడ వచ్చేటట్టు, రోడ్డు మీద టైరు గీతలు గిట్ల ఫోటోలు తియ్యండి. చూసినోళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. లారీ ఓనరు మనుషులు రాజీ అంటరు. ఏ కాయితం మీద సంతకం పెట్టొద్దు. అక్కా, ఇంటున్నవా? భద్రాచలం సర్కారు దవాఖానాకే పో. ఎక్కడెక్కడ నొప్పి ఉన్నదో అన్నీ డాక్టరుకి చెప్పి రాయించుకో. ఏం కాలేదని మాత్రం ఎవ్వరితోని అనకు."

రోడ్డు పక్కన జామకాయలు అమ్ముకునే మంగ్లి లారీ గుద్దడం చూసింది. అడగ్గానే నంబరు ఇచ్చింది. గంటలో లారీ ఓనరు మనిషి గోపాలు తెల్ల కాగితం పట్టుకుని వచ్చాడు. "కారు మేమే బాగు చేపిస్తమన్నా, కేసు గీసు ఎందుకు, ఒక్క సంతకం పెట్టు" అన్నాడు. డేవిడ్ జేబులో పెన్ను వెతుక్కుంటుంటే ఆ చేతి మీద నేనే ఒక్కటి వేశాను, ఎడమచేత్తో.

ఆరాధన చెప్పినవన్నీ వరసగా చేశాం. ఆమె చెప్పింది కదా అని నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. దవాఖానాలో రాసుకునే డాక్టరు "ఎవరో తెలిసినోళ్ళే చెప్పి పంపినట్టున్నరే" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పూ ఆమె ఖాతాలోకే పోయింది.

తర్వాత ఖమ్మంలో స్కాను తీస్తే భుజం లోపలి కండ చిరిగిందని తేలింది. ఆపరేషన్ చేస్తే చెయ్యి మామూలుగా లేస్తుందట. చెయ్యకపోతే రోజురోజుకీ బిగుసుకుపోతుందట. అప్పటిదాకా చేతికి పట్టీ కట్టి మెడకి వేలాడదీశారు. బట్ట కత్తిరించడం నా పని. కుడిచెయ్యి లేకపోతే నా షాపుకి తాళమే. ఆపరేషన్‌కి మా దగ్గర డబ్బు లేదు, లారీ ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వాల్సిందే. కేసు గెలిస్తే చెయ్యి ఉంటుంది, ఓడితే ఉండదు. అంత తేటగా అర్థమై కూడా నేను చేసిన పని వినండి.

శుక్రవారం ఆరాధన మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఒక్క మాట. ఈ ఆదివారం సాక్ష్యం చెప్పకు. కేసు తేలేదాక ఆగు. తర్వాత ఎంతసేపన్న చెప్పుకోవచ్చు."

"దేవునికి కృతజ్ఞత చెప్పొద్దంటున్నవా?"

"ఇంట్ల చెప్పుకో. మైకుల వద్దు. కంపెనీవాళ్ళు అన్నీ చూస్తరు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి దొరికింది మూర పొడుగు పాము. నాకు దొరికింది పది చక్రాల లారీ. నేను గనక నోరు తెరిస్తే ఆ పాము సంగతి ఏన్కూరులో ఎవరికీ గుర్తుండదు, అందుకే కుళ్ళుకుంటోంది అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని ఆమె ఒక్కసారి చేస్తోందని నా ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

ఆదివారం తెల్లచీర కట్టుకున్నాను. పాస్టరు అయ్యగారు పిలవకముందే లేచాను. లారీ గుద్దడం, కారు గిర్రున తిరగడం చెప్పాను. గొంతు వణికించాను. "ఒంటి మీద గీత కూడా పడలేదు" అన్నాను. జనం కదిలారు కానీ ఏడవలేదు. అత్తమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆ పక్కన ఆరాధన తల వంచుకుని కూర్చుంది. అప్పుడు నాకేం పుట్టిందో, మెడకున్న పట్టీ తీసేశాను.

"ఈ చెయ్యి లేవదన్నరు. చూడండి" అని కుడిచెయ్యి పైకి ఎత్తాను. చెవి దాటించి ఎత్తాను. భుజంలో కత్తి దిగినట్టుంది. మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. హల్లెలూయ అంటూ చర్చి అంతా లేచి నిలబడింది. అత్తమ్మ భోరున ఏడ్చింది. పాము రోజు కంటే ఎక్కువే ఏడ్చింది, నేను చూసుకున్నాను.

తర్వాత చర్చి వెనక నల్లా దగ్గర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పొద్దున తాగిన చాయంతా కక్కేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

ఏడాది తర్వాత ఖమ్మం కోర్టులో మా కేసు విచారణకి వచ్చింది. అప్పటికి నా చెయ్యి ఛాతీ దాటి లేవడం లేదు. బట్టలు కుట్టించుకునే వాళ్ళు వేరే షాపు చూసుకున్నారు. మా వకీలు మురళీకృష్ణ సారు నా చేత చెప్పించాల్సినవి చెప్పించాడు. ఫోటోలు, దవాఖానా కాగితాలు, మంగ్లి వాంగ్మూలం అన్నీ సరిగ్గా కుదిరాయి. అప్పుడు కంపెనీ వకీలు లేచి ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాడు.

కోర్టు హాల్లో నా గొంతు నాకే వినిపించింది. గీత కూడా పడలేదు. చూడండి. హల్లెలూయ.

"అమ్మా, మీరు దేవుని ముందు అబద్ధం చెప్పారా, లేక ఇప్పుడు ఈ కోర్టు ముందు చెప్తున్నారా?" అన్నాడాయన. మర్యాదగానే అడిగాడు.

"నొప్పి ఉన్నా ఎత్తినండి."

"ఎందుకు?"

వెనక బెంచీ మీద డేవిడ్ ఉన్నాడు, అత్తమ్మ ఉంది. మా తోటికోడలి మీద కుళ్ళుతో ఎత్తానని వాళ్ళ ముందు ఏ నోటితో చెప్పను? "ఆ రోజు దేవుడు బలమిచ్చిండు" అన్నాను.

"అంటే ఆ రోజుకి బాగైనట్టే కదా" అని ఆయన కూర్చున్నాడు. మురళీకృష్ణ సారు మొహం మాడిపోయింది. నేను బోనులోంచి దిగుతుంటే నా చెయ్యి నాది కాకుండా పోయినట్టే అనిపించింది.

రెండో సాక్షి ఆరాధన. యాక్సిడెంట్ రోజు రాత్రి దవాఖానాకి వచ్చి నాకు తోడుగా ఉన్నది ఆమే కాబట్టి ఆమె పేరు ఇచ్చాం. సాక్షులు ఒకరి మాట ఒకరు వినకూడదని అప్పటిదాకా ఆమెను బయట వరండాలో కూర్చోబెట్టారు. నేనేం చెప్పానో ఆమెకి తెలియదు. కంపెనీ వకీలు ఆమెను కూడా వీడియో గురించే అడిగాడు.

"ఆమె చెయ్యి ఎత్తడం మీరు చూశారా?"

"చూసిన."

"నొప్పి లేదు కాబట్టే ఎత్తింది, అవునా?"

"కాదు సార్. తర్వాత చర్చి ఎనక నల్లా కాడ కూసొని కక్కుకున్నది. నేను గోడ పక్కన నిలబడి చూసిన."

"ఆమె బాధపడుతుంటే మీరు దగ్గరికి వెళ్ళలేదా?"

"నేను పోతే నాకు చూపియ్యాలని మళ్ళ ఎత్తేది. అందుకే పోలే."

వకీలు నవ్వాడు. "అంత నొప్పి పెట్టుకుని ఏ మనిషైనా చెయ్యి ఎందుకు ఎత్తుతుందమ్మా?"

ఆరాధన నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. క్షమించమని అడుగుతున్నట్టుంది.

"నా మీద ఈర్ష్యతోటి సార్. అంతకు ముందు నేనొక సాక్ష్యం చెప్పిన. అందరు మెచ్చుకున్నరు. అక్కకి ఓర్వబుద్ధి కాలే. ఆమెకి నామీద మొదటి నుంచి అట్లనే ఉంటది. నేను చెప్పొద్దన్న కాబట్టే చెప్పింది. నేను ఊకుంటే చెప్పకపోవునేమో, నా తప్పు గూడ ఉన్నది."

ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. జడ్జిగారు, ఆమె కూడా ఆడమనిషే, కళ్ళద్దాలు తీసి నన్ను మళ్ళీ ముందుకి పిలిచింది.

"మీ తోటికోడలు చెప్పింది నిజమేనా అమ్మా?"

కాదంటే పరువు మిగులుతుంది. అవునంటే చెయ్యి మిగులుతుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో చేతిని వదిలేద్దామా అని కూడా ఆలోచించాను. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియదనుకుని లోపల దాచుకుని పెంచుకున్నదాన్ని ఆమె నాలుగు మాటల్లో బయట పెట్టేసింది. నేనైతే అంత చక్కగా చెప్పలేకపోయేదాన్ని, దానికీ కడుపు మండింది.

"నిజమేనండి" అన్నాను. టైపు చేసే ఆయన టకటకా కొట్టేశాడు. అత్తమ్మ నా వైపు చూడలేదు.

రెండు నెలలకి తీర్పు వచ్చింది. కంపెనీ డబ్బు కట్టాలని, ఆపరేషన్ ఖర్చు కూడా అందులోనే ఇవ్వాలని రాశారు. కాపీ ఆరాధన మీ-సేవకే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆమే చదివి చెప్పాలి. నేను ఆమె ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కోర్టు రోజు తర్వాత మేమిద్దరం ఒంటరిగా కూర్చోవడం అదే మొదటిసారి.

"రెండో సాక్షి మాటలు సహజంగా ఉన్నయ్, నమ్మొచ్చు అని జడ్జి మేడం రాసింది" అని చదివింది.

"నా గురించేం రాసింది?"

ఆమె పేజీ తిప్పింది. "నువ్వు ఒప్పుకున్నవని రాసిందక్కా. గంతే."

బయట కొత్తగూడెం బస్సు ఆగి వెళ్ళిపోయింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"నేను ఈ ఇంటికి వచ్చిన వారం నుంచే."

"మరి ఒక్కనాడన్న అడగలేదేంది?"

ఆరాధన కాగితాలు మడిచి కవరులో పెట్టి నా ఎడమచేతికి ఇచ్చింది. "అడిగితే మానేస్తవా అక్కా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మానను" అన్నాను.