తూము చూపించిన వేలు

లారీ కంకర దిమ్మరించగానే గట్టు గడ్డిలోంచి నీటికోడి ఒకటి అరుచుకుంటూ లేచింది. గుడ్లు మాత్రం కంకర కిందే ఉండిపోయాయి. గేటు దగ్గర కాపలా చొక్కాలో నిలబడ్డ నీరటి తల తిప్పుకున్నాడు.

ముప్పయ్యేళ్లు ఈ పొలాలకు మడవలు తిప్పి నీళ్లు పంచిన మనిషి అతను. పల్లపు పొలం నుంచి వాగులోకి నీళ్లు వదిలే రాతి తూము ఎక్కడుందో పల్లం పూడ్చే కాంట్రాక్టరుకు వేలు పెట్టి చూపించింది అతనే. అందుకు దక్కిందే ఈ చొక్కా.

తూము పూడ్చాక పైపొలాల్లో నీళ్లు నిలిచి వరి కుళ్లింది. వానకు కంకర మట్టి వాగులోకి కొట్టుకుపోయి చేపలు చచ్చి తేలాయి. కౌలురైతులు, వలలు వేసేవాళ్లు కలిసి గేటు ముందు కూర్చుని నాలుగు రోజులైంది. ముందు వరసలో నీరటి సొంత అక్కే ఉంది.

ఇవాళ వచ్చిన రెవెన్యూ అధికారి కాగితం తీశాడు. "రికార్డులో ఇక్కడ తూము లేదు. వాగుకూ ఈ భూమికీ సంబంధం లేదు. ఇదంతా పనికిరాని పల్లం."

"పనికిరానిదా!" వలలు వేసే ఆమె లేచింది. "ఎంత వానొచ్చినా కడుపులో పెట్టుకునేది ఆ పల్లమే కదయ్యా! బురద పొలంలో దిగిపోయి తేరిన నీళ్లే మా వాగుకొచ్చేవి. ఇప్పుడు నా వలలో ఏం పడుతోందో తెలుసా? మీ కంకర!"

జనం నవ్వారు. అధికారి నవ్వలేదు. "తూముందని సాయంత్రంలోగా చూపించండి. లేదంటే మిగతా పొలాలు కూడా తీసుకుంటాం."

నాలుగెకరాల కంకర. ఎక్కడని తవ్వుతారు? చోటు కచ్చితంగా తెలిసినవాడు ఒక్కడే.

"మా తమ్ముణ్ణి అడగండి," అంది అక్క. "చొక్కాకు గంజి పెట్టించుకున్నాడు. నోటికి కూడా పెట్టించుకున్నాడేమో!"

నిన్నటిదాకా ఎదురుపడితే "తిన్నావురా?" అనేది. ఇవాళ ఆ మాట కూడా లేదు. నీరటి చొక్కా విప్పి గేటుకు తగిలించాడు. గేటు పక్కనున్న పార అందుకుని, బనీనుతోనే కంకర మీద నడిచి, కరెంటు స్తంభం ఎదురుగా ఆగి, పార దించాడు.

ఆ చప్పుడుకు జనం కదిలారు. గంపలు, గునపాలు, ఉత్త చేతులు. నడుం లోతు తవ్వేసరికి తడిసిన తూము పైబండ కనబడింది. ఒక్క అరుపు లేచింది.

పోలీసు వ్యాను కూడా అప్పుడే వచ్చింది. ఎస్సై దిగి అరిచాడు. "ఇక్కడుందని చెప్పిందెవడ్రా?"

"నేనే," అన్నాడు నీరటి. "పూడ్చమని చూపించింది కూడా నేనే సార్. రెండూ రాసుకోండి."

రెక్క పట్టి లాక్కుపోతుంటే అక్క వైపు చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. వంగి, అతని చేతిలోంచి జారిన పార అందుకుంది.

"తూము నోటికి ఇంకా రెండు బారలుంది," అంది జనంతో. "ఎవరూ ఆగకండి."

వ్యాను తలుపు మూసుకున్నా పారల చప్పుడు అతనికి వినబడుతూనే ఉంది.