ఇంట్లో మనిషి

“ఇంట్లో చూసుకోవడానికి మనిషి ఉన్నారా?” అని అడిగింది నర్సు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన “మా ఆవిడ ఉందిగా” అనేశాడు, గొడుగు ఉందిగా అన్నంత తేలిగ్గా. ఫోన్ మోగితే వరండాలోకి వెళ్ళిపోయాడు.

అత్తయ్య బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. ఇదివరకైతే మనిషి లేచి నడిచేదాకా ఆస్పత్రిలోనే ఉంచేవారట. ఇప్పుడు పద్ధతి మారింది, కుట్లు ఆరకముందే పంపేస్తున్నారు. “మంచాలు చాలడం లేదమ్మా. ఇంటి దగ్గరైతే పేషెంటుకీ హాయి, ఆస్పత్రికీ ఖర్చు కలిసొస్తుంది” అన్నాడు డాక్టరు. కలిసొచ్చిన ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేదు. నాకు తెలుసు. మనిషిని పక్కమీద అటూ ఇటూ తిప్పడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం, రక్తం గడ్డకట్టకుండా పొట్టకి సూది వేయడం... ఇక్కడ వీటికి జీతాలున్నాయి, డ్యూటీలున్నాయి, సెలవులున్నాయి. మా గుమ్మం దాటగానే వీటన్నిటికీ ఒకటే పేరు, కోడలి బాధ్యత. తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయన్నట్టు, అత్తయ్య తుంటి విరిగితే నా ఉద్యోగం రాలేలా ఉంది.

మామయ్య మంచాన పడ్డప్పుడూ ఇంతే. కళ్ళజోళ్ళ షాపులో పని మానేసి ఆయన పోయేదాకా చేశాను. ఆయన మంచివాడు, చేసినందుకు విచారం లేదు. కానీ తిరిగి చేరేసరికి, ఒకప్పుడు నేను పని నేర్పిన పిల్ల నాకు పైఅధికారిగా కూర్చుని ఉంది. “ఈ కొత్త మిషను మీకు తెలీదులే అక్కా” అంటూ అద్దాలు తుడిచే పనిలో పెట్టింది. మళ్ళీ లెన్సులు అరగదీసే బల్ల దగ్గరికి చేరేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నిన్న ఆ మాటే అంటే మా ఆయన, “అద్దాలు బిగించడానికి ఎవరైనా దొరుకుతారు. అమ్మకి నువ్వు కాక ఎవరున్నారు?” అన్నాడు. మీరున్నారుగా అన్న చిన్న జవాబు నాకెందుకు తట్టలేదో!

“రండమ్మా, సూది ఎలా వేయాలో చూపిస్తాను” అంది నర్సు.

“ఆయన్ని కూడా పిలవండి. పగలు నేను పనికి వెళ్తాను. ఆయన సెలవు పెడతారు.”

నర్సు నవ్వింది. “మగవాళ్ళకి ఇవన్నీ చేతకావండీ.”

“నాకూ పుట్టుకతో రాలేదండీ.”

లోపలికొచ్చిన మా ఆయన విషయం విని గతుక్కుమన్నాడు. “నేనా? బెడ్‌పాన్ కూడానా? అమ్మకి సిగ్గుగా ఉండదూ?”

“రాత్రిళ్ళు నేను చూస్తాను. పగళ్ళు మీవి” అన్నాను. పక్కనే మంచం మీదున్న అత్తయ్య వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నేను మళ్ళీ ఇంట్లో కూర్చోవాల్సిందే.

“సిగ్గేంట్రా?” అంది అత్తయ్య, పైకప్పు వైపు చూస్తూనే. “నీ ముడ్డి కడిగినన్నాళ్ళూ నేను సిగ్గుపడ్డానా? పట్టుకో ఆ సూది.”

ఆయన పట్టుకున్నాడు. మూత ఎటు తీయాలో తెలీక అటూ ఇటూ తిప్పాడు. అందుకోబోయిన నా చేతుల్ని నేనే వెనక్కి లాక్కున్నాను. నర్సు చెప్పినట్టే పొట్ట దగ్గర చర్మం మడతపెట్టి, ఊపిరి బిగబట్టి, గుచ్చాడు.

“నొప్పిగా ఉందా?” అని అడిగాడు.

మా పెళ్ళయ్యాక, ఆయన ఎవరినైనా ఆ మాట అడగ్గా వినడం నాకదే మొదటిసారి.