బెంచీ మీది గొంతులు

డాక్టరు తలుపు వేయలేదు. వేసే అలవాటే అతనికి లేదు.

"మొగోనిగ పుట్టినవ్, మొగోని లెక్క బతుకు. పెండ్లయితె అన్నీ సక్కగైతయ్," అంటున్నాడు.

ఎదురుగా కూర్చున్న నుజహత్ మెల్లగా ఏదో చెప్పబోయింది.

"ఆ గొంతేంది? సరిగ్గ మాట్లాడు."

వరండాలో నిలబడ్డ రోగులు ఫక్కున నవ్వారు.

వాళ్ల పక్కనే బెంచీ మీద ప్రీతి ఉంది. గౌలిపుర పాలవాళ్ల పిల్ల. తన మనసులోని మాట అర్థమయ్యే డాక్టరు ఒక్కరు దొరికితే చాలని నెలలుగా ఈ దవాఖానకు వస్తోంది. ఎవరూ గుర్తుపట్టకుండా పక్కింటి షౌకత్ బీ బురఖా అడిగి వేసుకుంది. కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన నుజహత్ బెంచీ చివర కూర్చోబోతే ప్రీతి జరగలేదు. జరిగితే తానూ అలాంటిదేనని తెలిసిపోతుందని భయం. నుజహత్ నిలబడే ఉంది. ప్రీతి తల దించుకుంది.

"ప్రేమ్‌రాజ్," అటెండర్ వైకుంఠం పిలిచాడు. అది ప్రీతికి బడిలో రాయించిన పేరు. నోరు తెరిస్తే గొంతు పట్టిస్తుంది. గబుక్కున లేచి బయటికి నడిచింది.

గేటు దగ్గర నుజహత్ కలుసుకుంది. "ప్రేమ్‌రాజ్ అంటె ఉరికిన బురఖా నువ్వొక్కదానివే. ఫికర్ చెయ్యకు, నేను గూడ ఉరికినదాన్నే. జుమ్మా నాడు పురానాపూల్ల మా ఇంటికి రా."

బెంచీ మీద జరగనందుకు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ప్రీతికి.

శుక్రవారం నుజహత్ గుమ్మం ముందు ప్రీతి ఆగిపోయింది. అక్కడ విడిచిన చెప్పులన్నీ ఆమెకు తెలుసు. నెలల తరబడి తల దించుకుని ఆ బెంచీ కింద చూసినవే. ఇన్నాళ్లూ ఆ బెంచీ మీద అందరూ పక్కపక్కనే కూర్చున్నారు, గొంతు బయటపడుతుందని ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

"ఇసొంటి కేసు మొత్తం బస్తీల నువ్వొక్కనివే అన్నడు ఆ డాక్టరు నాతోని," అంది ప్రీతి.

"నాతోని గదే అన్నడు," అంది నఖాబ్‌లో ముఖం దాచుకున్న మాహిరా. "నేనొక్కదాన్నే అనుకొని మస్తు ఏడ్సిన."

మరో ఇద్దరు తలూపారు. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

నుజహత్ నవ్వలేదు. "సికింద్రాబాద్ల ఒక డాక్టరమ్మ ఉన్నది. మన సంగతి సదువుకున్నది. తలుపేసి, నిన్నేమని పిలవాలె అని అడిగింది. వారానికొకపారి ఈ దవాఖానకొస్తనన్నది. సూపరింటెండెంట్ వద్దన్నడట."

"ఎందుకట?"

"అసొంటోళ్లు ఈడ లేనే లేరన్నడట."

ప్రీతి ముఖం కాలింది. అతను అబద్ధం చెప్పాడు సరే, ఆ అబద్ధానికి బురఖా కప్పింది తామే కదా.

"ఉన్నమని చూపియ్యాలె," అంది.

"నఖాబ్ నేను తియ్య. అది నా ఇష్టం," అంది మాహిరా. "గొంతు మాత్రం దాచ."

సోమవారం అందరూ కలిసి వెళ్లి డాక్టరు గది ముందు సగం వరండా నిండేలా నేల మీద బైఠాయించారు. ప్రీతి బురఖా లేకుండా వచ్చింది. సూపరింటెండెంట్ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏంది లొల్లి? ఒక్కొక్కరు నా గదికి రండ్రి, మాట్లాడుకుందాం."

రోగుల లైన్లో ఒకాయన ప్రీతిని వేలెత్తి చూపాడు. "అరె, మాకు పాలు పోసే సక్కుబాయి కొడుకు గాదూ?"

చెవులు భగ్గుమన్నాయి. రేపు ఆ ఇంటికి పాలు ఎలా పోయాలి? అమ్మ ఏ ముఖంతో తిరగాలి? ప్రీతి లేచి నిలబడింది. సిగ్గు పోలేదు. ఉండగానే నోరు తెరిచింది.

"కొడుకును గాదు పెద్దబాపూ, బిడ్డను." దాచుకున్న బొంగురు గొంతు వరండా చివరిదాకా వినిపించింది. సూపరింటెండెంట్ వైపు తిరిగింది. "ఒక్కొక్కలం వచ్చుడు అయిపోయింది సార్. ఆ డాక్టరమ్మను పిలిపిస్తనని ఈడనే, అందరి ముంగట చెప్పుండ్రి. అప్పటిదాంక లెవ్వం."

కానిస్టేబుల్ లాఠీతో నేల మీద తట్టాడు. "బయట వ్యాన్ ఉన్నది. ఎక్కిస్త."

ప్రీతి వెనక్కి తిరిగి తన వాళ్లను చూసుకుంది.

"ఒక్కదాంట్ల పట్టం అన్నా. ఇంకోటి తెప్పియ్యి."