పాలేటి మన్ను

బాలస్వామి ఒక్క అబద్ధం రాసి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఈ మాట నాతో నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

1958లో మేమిద్దరం యూనివర్సిటీ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. మాది నందిగామ, పొలాలున్న కుటుంబం. నేను మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. అతనిది జగ్గయ్యపేట పక్క పల్లె, కూలి చేసుకునే క్రైస్తవుల ఇల్లు. రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. వాళ్లమ్మ పుల్లమ్మ, ఊరి పక్క పారే పాలేటి ఒడ్డు మన్ను గోనెసంచిలో కట్టి పంపింది. దాన్ని రాళ్లు ఏరి, గుళికలుగా కాల్చి, గాజు గొట్టంలో నింపి, వేడి మీద స్పిరిట్ ఆవిరి పంపేవాడు. మన్ను మన్నుగానే ఉండి ఆవిరిని ఈథర్‌గా మార్చేది. అవి మద్యనిషేధం రోజులు, స్పిరిట్‌కు పర్మిట్ తీసుకోవాలి. “మీవాడు పర్మిట్ పెట్టుకుని సారా కాస్తన్నాడంటగా” అని ఊళ్లో పుల్లమ్మను ఆటపట్టించేవారు.

ఆ మొదటి సంచి మన్ను ఎవరూ ఊహించనంత బాగా పనిచేసింది. ప్రొఫెసర్ దశరథరామయ్యగారు థీసిస్ రాయడం మొదలుపెట్టమన్నారు. ఫెలోషిప్ గడువు మార్చి దాకానే. రెండో సంచి తమ్ముడు ప్రేమదాసు తవ్వి నేరుగా పంపాడు. ఆ గుళికలు మొండికేశాయి. పదకొండుసార్లు చేసి చూసి, ఆవిరి పైపైన తాకి వెళ్లిపోతోందని బాలస్వామి తేల్చాడు. మొదటి గుళికల్లో లోపలికి దారులున్నాయి. అవి ఎక్కడివి?

జనవరిలో నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

“అమ్మా, మొదటి సంచిలో ఏవన్నా కలిపావా?”

“నేనేం కలుపుతా నాయనా. మన్నేగా.”

ఆమె చూపు ఒకసారి నా మీదికి వచ్చి నేల మీద వాలింది. కొడుకు చదువు తనవల్ల చెడిందేమోనన్న భయం. అది భయమని గుర్తుపట్టేంత చదివాను. దాన్ని పోగొట్టే మాట ఒక్కటీ చదవలేదు.

బాలస్వామి మళ్లీ అడగలేదు. చొక్కా విప్పి, పెరట్లో మన్ను తడిపి పొయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. తెలిసి చేశాడో, చేతులు ఊరుకోక చేశాడో ఇప్పటికీ నాకు తెలియదు. పుల్లమ్మ గుమ్మంలోంచి చూస్తూ కాసేపు ఓర్చుకుంది.

“ఏందిరా అది? పందికొక్కు తవ్వినట్టుంది.”

“పొయ్యి.”

“ఊక లేకుండానా? రేపు ఎండకే పగులుద్ది. లెగు పక్కకి.”

చేటలో ఊక తెచ్చి మన్ను మీద చల్లింది. రెండో పిడికిలి మధ్యలోనే ఆగిపోయింది.

“దాంట్లోనూ ఏశానయ్యా,” అంది నెమ్మదిగా. “మెత్తగా జల్లించే ఏశా. నువ్వు చేసింది పగిలితే నలుగురూ నవ్వుతారని. చెడిపోయిందా?”

“అదే బాగుపడిందమ్మా. కాల్చినప్పుడు ఊక కాలిపోయి చోటు మిగిలింది. ఆవిరి ఆ దారినే లోపలికి పోయింది. పొట్టు కనపడితే నేను ఏటి మట్టిలో చెత్తేననుకున్నా.”

తిరుగు బస్సులో నేను అతనికి దారి చూపించాను. “అంకెలు నిజమైనవేగా. ఊక నువ్వే కలిపావని రాయి. మార్చికి అయిపోద్ది.”

“ఎంత పడిందో నాకు తెలీదు ప్రసాద్. తెలీంది చేశానని ఎట్టా రాయను?”

ప్రొఫెసరుగారు అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు. “కొలిచి మళ్లీ చెయ్యి” అన్నారు. ఫెలోషిప్ పోయింది. కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరి, తీరిక వేళల్లో ఊక తూచుకుంటూ ఏడాదిన్నర గడిపాడు. ఈలోగా నాకు డిగ్రీ వచ్చింది. దానికి నాకంటే అతనే ఎక్కువ సంతోషించాడు. అది నన్ను చాలాకాలం బాధించింది. ఇప్పుడు అతని దగ్గర అయిదుగురు పరిశోధన చేస్తున్నారు, అందరూ గుళికల లోపలి దారుల మీదే. అప్పుడు మాత్రం ఏదీ ఖాయం కాదు. కొలిచి చేసిన గుళికలు మొదటివాటికి దగ్గరగా వచ్చాయి గాని అందుకోలేదు. ఆ లోటును కూడా దాచకుండా రాశాడు.

సోమవారం థీసిస్ ఇవ్వాలనగా, శనివారం ఇద్దరం పల్లెకు వెళ్లాం. మొదటి మన్ను సిద్ధం చేసిన విధం అన్నచోట పుల్లమ్మ పేరుంది. ఆ పేజీని తెలుగులో చెప్పి వినిపించాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని, కట్టె ఎగదోస్తూ వింది.

“ఊక జల్లించానని రాశావా?”

“రాశానమ్మా. రెండుసార్లని.”

“మూడు.”

బాలస్వామి టైపు కాగితాలు ఒళ్లో పెట్టుకుని జేబులోంచి పెన్ను తీశాడు. “మూడోసారి ఏ జల్లెడమ్మా? పిండిదా, రవ్వదా?”

“పిండిదే.”

అందని ఆ లోటు ఇక్కడే ఉండొచ్చని అతని ముఖం వెలిగింది. సోమవారం థీసిస్ ఇవ్వడని నాకర్థమైంది.  ఈసారి నేనే లేచి, గోడకు తగిలించి ఉన్న పిండి జల్లెడ తెచ్చి అతనికి ఇచ్చాను.