గోల్డు కార్డుకి మేత

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నింపడానికి నాకు పూట పడుతుంది. లైబ్రరీ కింది గదిలో మాలాంటి పెద్దవాళ్ళకి చదువు చెప్పే టీచరమ్మ, "మీరు రాయండి, నేను ఒత్తులు దిద్దుతాను, మాటలు మాత్రం ముట్టుకోను" అంది. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మొన్న గిన్నెలు తోముతుంటే అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు నాన్నతో అన్ని విమానాలెక్కావు కదా. ఆ గోల్డు కార్డు కోసం పాకులాడటం లాభమా, దండగా? మీ అల్లుడు ఈ ఏడు ఎలాగైనా తెచ్చుకుంటానంటున్నారు. చంటి బాబుతో మేం వెళ్ళేది ఏడాదికి ఒకట్రెండు షికార్లు" అంది. "మీ ఇష్టమే" అన్నాను. పెళ్ళైన రోజు నుంచీ నా నోట్లో తయారుగా ఉండే మాట అది. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. అది అడిగింది కార్డు సంగతి కాదు. తన కాపురం ఎటు పోతోందో అడిగింది. దానికి సరైన జవాబు చెప్పాలని కూర్చున్నాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. ఒకే కంపెనీ విమానాల్లో ఏడాదిలో బాగా తిరిగితే ఆ కంపెనీ గోల్డు కార్డు ఇస్తుంది. మరుసటి ఏడు అంతే తిరక్కపోతే లాగేసుకుంటుంది. మా ఆయనకి పైపులు, కుళాయిల దుకాణం ఉండేది. సరుకు కోసం మాటిమాటికీ విమానంలో వెళ్ళొచ్చేవారు. అలా తిరగ్గా తిరగ్గా ఆ కార్డు దానంతటదే వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళకి కుళాయి చూపించే ముందు కార్డు చూపించేవారు. వీధిలో ఆయనకి 'గోల్డు గారు' అని పేరు పడింది. వాళ్ళు వెక్కిరింతకి పెట్టారు, ఆయన గౌరవమనుకున్నారు. నేను గోల్డు గారి భార్యనయ్యాను. తర్వాత మోకాళ్ళు పట్టేసి దుకాణం అమ్మేశారు. పని పోయింది, కార్డు మిగిలింది. అంతవరకూ అది ఆయన్ని మోసింది. అప్పట్నుంచి మేం దాన్ని మేపాల్సి వచ్చింది.

అందరూ ఊరు చూడాలని టికెట్టు కొంటారు. మేం టికెట్టు చూసి ఊరు ఎంచుకునేవాళ్ళం. ఏ దారిలో కార్డుకి ఎక్కువ కలిసొస్తే ఆ దారి. ఏడాది చివర్లో ఇంకా చాలకపోతే ఎక్కడికో ఎగిరి, విమానాశ్రయం గుమ్మం దాటకుండా, అదే విమానంలో వెనక్కి వచ్చేవాళ్ళం. "నేనెందుకండీ, ఇంట్లో ఉంటాను" అంటే, "నా మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు? పైగా లాంజిలో నాతోపాటు ఒకరికి ఉచితం. ఊరికే వదులుకుంటామా" అనేవారు. లాంజి అంటే కార్డున్నవాళ్ళు కూర్చునే మెత్తటి గది. ఆ ఉచితం నేనే. బయల్దేరే ముందు రోజంతా ఇస్త్రీ, సర్దుడు, మాత్రలు పూటవారీగా డబ్బాలో పెట్టడం. వచ్చిన మర్నాడంతా ఉతుకుడు. మధ్యలో ఆ గదిలో కూర్చుని, "ఆ బిస్కెట్ పొట్లాలు నీ సంచిలో వెయ్యి, మగాడు వేసుకుంటే బాగోదు" అంటే వేసుకోవడం. ఒకసారి ఒక చోట కప్పులు తీసే అమ్మాయిని, ఇక్కడ సముద్రం ఉందటగా అని అడిగాను. "పక్కనేనండీ, ఆటోలో ఇలా వెళ్ళి అలా రావచ్చు" అంది. నేను ఆయన వైపు చూశాను. "చూద్దాంలే, సముద్రం ఎక్కడికి పోతుంది" అన్నారు. ఇంతలో మా వెనక్కి వెళ్ళే విమానం పిలిచారు. నేనెక్కిన విమానాలన్నిటికీ కలిపి నేను చూసిన ఊరు ఒక్కటీ లేదు.

నాకు వెళ్ళాలనున్నది ఒకే చోటు, అక్క దగ్గరికి. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. తను పనిచేసే ఇళ్ళకి నన్నూ తీసుకెళ్ళి, వాళ్ళు పెట్టిన రొట్టె తను తినకుండా కొంగున కట్టి తెచ్చేది. ఇద్దరం బడి ముఖం చూడలేదు. ప్రతి ఏడూ ఆయన్ని అడిగేదాన్ని. "మన కంపెనీ అక్కడికి నేరుగా వెళ్ళదు. ఎక్కడెక్కడో తిప్పుతుంది, నీకు ఒళ్ళు హూనం" అనేవారు. మన కంపెనీ అనే అనేవారు, ఏదో వాటా ఉన్నట్టు.

ఏడాది చివర్లోనే ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "చిట్టీ, డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. అక్క నీకోసమే అడుగుతోంది. ఎంత తొందరగా రాగలవో రా" అన్నాడు.

ఆయన ఫోన్ పట్టుకుని కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని వెతికారు. నాకు తెలియకుండా ఏమీ చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అంతా విప్పి చెప్పారు. "నేరుగా వెళ్ళేది ఒకటుంది. ఇప్పుడెక్కితే సాయంత్రానికి అక్కడుంటాం. కానీ అది వేరే కంపెనీది. మన దాంట్లో పోతే రెండుచోట్ల మారాలి, రేపటికి చేరతాం. కాకపోతే ఈ ఏటికి మనకి కావాల్సింది సరిపోతుంది." ఏటా ఒళ్ళు హూనమవుతుందని వద్దన్న దారి అదే.

"నేరుగా పోదామండీ" అన్నాను.

"ఒక్క పూటలో ఏం మునిగిపోతుందే?"

"పోనీ నన్నొక్కదాన్నే ఎక్కించండి."

"అక్కడ బోర్డు చదవగలవా? ఏ గేటుకి పోతావు? తప్పిపోతే నిన్ను వెతకాలా, మీ అక్కని చూడాలా?" అని నవ్వి, "ఇస్త్రీ చొక్కా ఏది?" అన్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను. ఆయన్ని ఒకే పూటలో ఒకే మాట రెండోసారి అడగడం నా కాపురంలో అదొక్కసారే. మూడోసారి అడగడానికి నా దగ్గర నోరు లేదు.

మొదటి మార్పు దగ్గర విమానం ఆలస్యమన్నారు. లాంజిలో కూర్చున్నాం. బావ మళ్ళీ ఫోన్ చేశాడు. "ఎంతవరకు వచ్చారు?" ఊరి పేరు చెప్పాను. "అటెందుకు వెళ్ళారమ్మా?" అన్నాడు. "అక్క చెవి దగ్గర పెడతాను, మాట్లాడు" అన్నాడు. అక్కా, వస్తున్నానక్కా, దారిలో ఉన్నానక్కా అన్నాను. అవతల ఊపిరి ఒకటే వినిపించింది, తలుపు సందులో గాలిలాగా. నా గొంతు పెరిగిందేమో, ఆయన చెయ్యి ఊపి, "మెల్లగా. ఇక్కడంతా పెద్దవాళ్ళుంటారు" అన్నారు. నా ముందుకో పళ్ళెం జరిపి, "తిను, మళ్ళీ ఎప్పుడో" అన్నారు. ఆ మాటలో ప్రేమ లేదని అనను. ఆయనకి తెలిసిన ప్రేమ అదే, ఉచితంగా దొరికింది వడ్డించడం.

రెండో మార్పు దగ్గర గేటులో కూర్చున్న అమ్మాయి ఆయన కార్డు చూసి, "సార్, ముందు వరుసలో ఒక్క సీటు ఖాళీ ఉంది, మీకిస్తున్నాం" అంది. నా ముఖం చూసి, "అమ్మగారికి బాగోలేనట్టుంది. కావాలంటే ఆవిడ కూర్చోవచ్చు సార్, మీ ఇద్దరిలో ఎవరైనా పర్వాలేదు" అంది.

"ఆమె ఇప్పుడున్న స్థితిలో ఎక్కడ కూర్చున్నా ఒకటేనమ్మా. వృథా అయిపోతుంది" అన్నారు ఆయన.

ఆయన ముందుకెళ్ళారు. మధ్యలో తెర వేశారు. నేను చిట్టచివర, మరుగుదొడ్డి పక్కన, ఇద్దరి మధ్యన కూర్చున్నాను. కిటికీ వైపున్నావిడ ఏమీ అడక్కుండా తన చేతిరుమాలు నా ఒళ్ళో పెట్టింది. కాసేపటికి విమానంలో పనిచేసే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. నన్ను ముందుకి రమ్మన్నారేమో అనుకున్నాను. అబద్ధమెందుకు, గుండె ఒక్క క్షణం తేలికైంది. "సార్ మాత్రలు మీ దగ్గరున్నాయటండీ" అంది. లేచి, పైనున్న సంచి దించి, డబ్బాలో ఆ పూటవి తీసి ఆమె చేతిలో పెట్టాను. తిన్నాకే వేసుకోమని చెప్పమ్మా అని కూడా అన్నాను.

దిగాక పెద్ద సంచులొచ్చే చోట నిలబడ్డాం. కార్డున్నవాళ్ళ సంచులు ముందొస్తాయి. నిజంగానే మాదే మొదట వచ్చింది. "చూశావా, మనదే ముందు" అన్నారు.

అక్క ఇంటికి చేరేసరికి మంచం మీద దుప్పటి మార్చేసి ఉంది. బావ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. "పొద్దున పోయింది చిట్టీ. చివర్లో గుమ్మం వైపు తల తిప్పమంది. తిప్పాను" అన్నాడు, అంతే. ఎందుకాలస్యమైందని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. నేను ఆ మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాను. బయట అరుగు మీద ఆయన ఎవరితోనో మాట్లాడటం కిటికీలోంచి వినిపించింది. "మనిషికి పోయే టైమొస్తే ఎవరాపుతారండీ. ఏదైతేనేం, ఈ ప్రయాణంతో మా కార్డు నిలబడింది. లేకపోతే ఈ ఏడు పోయేదే."

కొన్నేళ్ళకి ఆయనా పోయారు. అమ్మాయి ఆ కంపెనీకి ఫోన్ చేసి, నాన్న కార్డు అమ్మకి వస్తుందా అని అడిగింది. అది మనిషితోనే పోతుందన్నారట. అంత మేపిన దానికి నా ముఖం కూడా తెలియదు.

ఇదంతా రాసుకున్నాక, నిన్న అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. అక్క సంగతి దానికి మొదటిసారి మొత్తం చెప్పాను. తర్వాత కార్డు సంగతి కూడా చెప్పాను. పనిమీద తిరిగేవాడికి, టికెట్టు యజమాని కొనిపెట్టేవాడికి అది దానంతటదే వస్తే వాడుకోవచ్చు. సంతోషానికి వెళ్ళేవాళ్ళు దాని వెంటపడితే ముందు పోయేది ఆ సంతోషమే. కాళ్ళు నొప్పెడితే ఆ ఒక్క రోజుకి మంచి సీటు కొనుక్కోండి. ఎవరి విమానం నేరుగా పోతే దాంట్లో పోండి. ఎవరైనా రమ్మంటే ఆ పూటే పోండి. అంతా చెప్పి, "మీ ఆయన కూడా మీ నాన్నలాగా ముందు కూర్చుని నిన్ను వెనక పడేసే రకమైతే ఇప్పుడే చెప్పెయ్యవే, నేను వచ్చి మాట్లాడతాను" అన్నాను. నా జన్మలో అంత గట్టిగా మాట్లాడలేదు.

"ఆయన అలాంటివారు కాదమ్మా" అంది. "మొన్న మాకూ ముందు ఒక సీటు దొరికింది. నువ్వు కూర్చో, రోజూ నడుం నొప్పంటున్నావుగా అని నన్నే పంపారు."

"కూర్చున్నావా?"

"కూర్చున్నాను. కాళ్ళు చాపుకున్నాను కూడా. తర్వాత ఉండలేకపోయాను. వెనక్కెళ్ళి ఆయన్ని బలవంతంగా ముందుకి పంపేశాను."

"బాబు ఏడ్చాడా?"

"లేదమ్మా. ఆయన భుజం మీద నిద్రపోతున్నాడు. ఎవరూ లెమ్మనలేదు. అయినా లేచిపోయాను."

ఆ తర్వాత అదేం చెప్పిందో, నేనేం చెప్పానో గుర్తులేదు. కూర్చోమని సీటిచ్చినా కూర్చోలేని పిల్లకి ఏ కార్డు మంచిదని చెప్పను, ఏది దండగని చెప్పను? ఫోన్ పెట్టేశాక కాళ్ళు లాగుతుంటే అప్పుడు చూసుకున్నాను. అంతసేపూ నిలబడే మాట్లాడాను. ఒక్కదాన్నే ఉండే గది. కుర్చీ పక్కనే ఉంది, ఖాళీగానే ఉంది.

చిట్టి, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడుండేది దర్జీ దుకాణం పైన ఒంటి గదిలో.